బొమ్మ కీబోర్డుకు శ్రుతి మార్చే నాబ్ అమర్చడం

ఈ పనికి బ్యాటరీతో నడిచే చవక బొమ్మ కీబోర్డునే ఎంచుకోండి. గోడ ప్లగ్గుకు తగిలించిన పరికరాన్ని ఎన్నడూ విప్పకూడదు, ఆ కరెంటు ప్రాణం తీయగలదు. అమెరికాకు చెందిన రీడ్ ఘజాలా 1960లలో మొదలుపెట్టి, ఆ తర్వాత సర్క్యూట్ బెండింగ్ అని పేరు పెట్టిన, పరికరాల లోపలి సర్క్యూట్లను మార్చి కొత్త శబ్దాలు పుట్టించే ఈ విద్యలో కొత్తవారికి అన్నిటికంటే ఎక్కువ ఆనందమిచ్చేది శ్రుతి మార్పే అని నా నమ్మకం.

వెనుక మరలు విప్పి, ఒక పాట మోగుతుండగా, చిప్ దగ్గరి రెసిస్టర్ల (కరెంటుకు నిరోధం కలిగించే చిన్న భాగాల) కాళ్లను తడి వేలితో ఒక్కొక్క జతగా తాకండి. ఎక్కడ శ్రుతి ఒక్కసారిగా పైకి జారుతుందో, చిప్ వేగాన్ని నిర్ణయించే రెసిస్టర్ అదే. మీ చర్మం కరెంటుకు మరో దారి ఇవ్వడంతో నిరోధం తగ్గి, చిప్ వేగం పుంజుకుంటుంది. బోర్డులో వేగాన్ని రెసిస్టర్ కాక, స్థిరంగా కంపించే క్రిస్టల్ అనే భాగం నిర్ణయిస్తుంటే ఈ పద్ధతి పనిచేయదు.

బ్యాటరీలు తీసేసి, ఆ రెసిస్టర్‌ను ఊడదీసి, దాని విలువను మల్టీమీటరుతో కొలవండి. ఖాళీ అయిన రెండు రంధ్రాల నుంచి తీగలు లాగి, 1 మెగాఓమ్ పొటెన్షియోమీటరు (తిప్పితే నిరోధం మారే నాబ్) మధ్య కాలికీ, ఒక చివరి కాలికీ టంకం వేయండి. ఒక తీగలో, కొలిచిన విలువలో సుమారు సగం ఉన్న రెసిస్టర్‌ను తప్పక వరుసగా కలపండి. అది లేకపోతే నాబ్‌ను చివరికంటా తిప్పినప్పుడు చిప్ ఆ వేగాన్ని తట్టుకోలేక ఆగిపోతుంది. అలా ఆగితే బ్యాటరీలు తీసి మళ్లీ పెట్టండి.