రాక్ పాటలో పశ్చాత్తాపం, క్షమాపణ – 4వ పాఠం: క్షమాపణ ఎక్కడ రావాలి?

పోయినసారి ఒప్పుకోలు చరణం రాయమన్నాను. చాలామంది పాటల్లో మొదటి పల్లవికే క్షమాపణ దొరికిపోయింది. అక్కడే "క్షమించావు" అని పాడేస్తే రెండో చరణానికి పనేముంటుంది? కొత్త విషయం పక్కనపెట్టి ఇవాళ దీన్నే సరిచేద్దాం.

లూకా సువార్త 15వ అధ్యాయం తీయండి. ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చే తప్పిపోయిన కుమారుడు తండ్రితో అనాల్సిన మాటలు 18, 19 వచనాల్లో సిద్ధం చేసుకుంటాడు. కూలివాడిగా పెట్టుకోమన్నది అందులో చివరిది. 21వ వచనంలో ఆ మాట లేదు. వెంటనే తండ్రి వస్త్రం తెమ్మంటాడు. మీ బ్రిడ్జ్ (చరణం, పల్లవి కాకుండా పాటను మలుపు తిప్పే భాగం) కూడా కొడుకు ఆఖరి పంక్తిని పూర్తికానివ్వకూడదు.

అమెరికన్ బ్లూస్ గాయకుడు రాబర్ట్ విల్కిన్స్ 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాటనే, తర్వాత పాస్టరయ్యాక, ఈ ఉపమానంగా మార్చి రాశాడు. రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 1968లో పాడింది దాన్నే. తప్పక వినండి.

నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది: ఆఖరి పల్లవిని ఒక మెట్టు పైకెత్తి అదే క్షమాపణ అనుకోవడం. శ్రుతి పెరిగిందంతే, కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మధ్య బంధం ఏమీ మారలేదు. దానికి బదులు చరణానికి ఇ-మైనర్, సి, ఎ-మైనర్, బి-మేజర్ వాడండి, ఒక్కోటి రెండు బార్లు (తాళం ఆవర్తాలు). బి-మేజర్‌లోని డి-షార్ప్ స్వరం చెవిని మళ్లీ ఇ-మైనర్‌కే లాగుతుంది. సరిగ్గా అక్కడ మాట తెంచి సి కార్డుతో బ్రిడ్జ్ మొదలెట్టండి: సి, డి, జి. ఇ-మైనర్‌కి తిరిగి వెళ్లకుండా జికి చేరడమే ఇక్కడ క్షమాపణ, కాబట్టి అంతదాకా పాటలో ఎక్కడా జి కార్డు రాకూడదు.

ఇంత చేసినా మార్పు వినపడట్లేదంటే తప్పు రాక్ గిటార్‌లో ఎక్కువగా వాడే పవర్ కార్డులదే. వాటిలో మూలస్వరం, పంచమం తప్ప ఏమీ ఉండవు. మేజరో మైనరో చెప్పాల్సిన గాంధారమే లేదు, బి-మేజర్‌లో మీకు కావలసిన డి-షార్ప్ కూడా అదే. అందుకని చరణం చివర గొంతు డి-షార్ప్ మీద ఆగాలి, సి కార్డు పడగానే ఇ స్వరానికి ఎక్కాలి. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకు చేసే ఎఫెక్ట్) నిండుగా పెట్టి పూర్తి కార్డు కొడితే గాంధారం రొదలో కలిసిపోతుంది. బ్రిడ్జ్ ముందు గిటార్ వాల్యూమ్ నాబ్ 10 నుంచి 4కి దించండి. జి కార్డు మీద గొంతు బి స్వరం పట్టుకోవాలి. డ్రమ్స్ ఆపేస్తే ఇంకా మంచిది.

అభ్యాసం: నాలుగేసి పంక్తుల రెండు చరణాలు. "పాపం", "క్షమ" అన్న మాటలు వాడకూడదు. ఏం చేశాడో, ఎవరికి చేశాడో రాయాలి. ఎనిమిదో పంక్తి సగంలో తెగాలి. బ్రిడ్జ్‌లో తండ్రి మాట ఒక్కటే, అదీ ఆరు పదాల లోపు. ఫోన్‌లో రికార్డు చేసి, మాటలు తీసేసి కార్డులు మాత్రం వాయించి మళ్లీ వినండి. తండ్రి ఎక్కడ వచ్చాడో అప్పుడూ తెలియాలి. తెలియకపోతే మాటలు మార్చకండి, డి-షార్ప్ దగ్గర వెతకండి.