బరువైన లెన్స్‌కి కదలని ట్రైపాడ్ ఎలా ఎంచుకోవాలి?

చలికాలంలో ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీదికి వెళ్తే పిట్టల ఫోటోల కోసం పెద్ద లెన్స్‌లు పట్టుకున్నవాళ్లు కనీసం ఐదారుగురు కనిపిస్తారు. లెన్స్‌కి లక్ష దాకా పెట్టినవాళ్లే దాని కింద మాత్రం సన్నకాళ్ల వీడియో స్టాండ్ పెడతారు. గాలి కాస్త వీచగానే లెన్స్ ముందు కొసకి తగిలించే హుడ్ అంచు వణకడం పక్కన నిలబడ్డ నాకే కనిపిస్తుంటుంది. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చూసుకుని "లెన్స్ సాఫ్ట్‌గా ఉంది, బొమ్మ మసగ్గా వస్తోంది, సర్వీస్‌కి ఇవ్వాలి" అంటారు. ఆ లెన్స్‌లో ఏ లోపమూ ఉండదు. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. 600 మి.మీ. లెన్స్, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా తీసుకుందాం. సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు. 30 సెంటీమీటర్ల పొడవున్న లెన్స్‌కి ఒక కొస కదలకుండా ఉండి రెండో కొస 3 మైక్రాన్లు జరిగితే చాలు, బొమ్మ ఒక పిక్సెల్ పక్కకి పోతుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వెంట్రుకలో ఇరవయ్యో వంతు కదిలినా ఫోటోలో తెలుస్తుందన్నమాట. ట్రైపాడ్ ఎంత బరువు మోస్తుందన్న ప్రశ్న ఇక్కడ చాలా చిన్నది. తగిలిన కుదుపు ఎంత త్వరగా ఆగిపోతుందన్నదే మనం చూడాలి.

బరువు, ఎత్తు

ఈ రెండూ ఇంట్లోనే తేలిపోతాయి. నికాన్ 200-500 లెన్స్ 2,300 గ్రాములు, సిగ్మా 150-600 కాంటెంపరరీ 1,930 గ్రాములు, కానన్ 600 ఎఫ్/4 మూడో వెర్షన్ 3,050 గ్రాములు. వీటికి కెమెరా బాడీ, హెడ్ (ట్రైపాడ్ కాళ్ల పైన కూర్చుని కెమెరాని పట్టి తిప్పే భాగం) కలపండి. చాలామందికి నాలుగైదు కిలోల మధ్య తేలుతుంది.

ఎత్తు కోసం నేల నుంచి మీ కంటి దాకా కొలిచి, అందులోంచి హెడ్, కెమెరా ఎత్తు కింద ఓ 25 సెంటీమీటర్లు తీసేయండి. మిగిలినది సెంటర్ కాలమ్ (కాళ్ల నడిమధ్యలోంచి పైకి లేచే కర్ర) ఎత్తకుండా కాళ్లకే ఉండాల్సిన ఎత్తు. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి సుమారు 135 వస్తుంది. దానికి ఇంకో పది కలుపుకోండి. చెట్టు కొమ్మ మీది పిట్ట కోసం లెన్స్ పైకెత్తితే వ్యూఫైండర్ కిందికి దిగుతుంది, ఆ పది లేకపోతే మీరు గంటల తరబడి నడుం వంచుకుని నిలబడాలి. అనంతగిరి గుట్టల్లాంటి ఏటవాలు నేల మీద ఒక కాలు పల్లంలోకి చాపాలన్నా అదే పనికొస్తుంది.

కాళ్లు

పై గొట్టం వ్యాసం కనీసం 32 మి.మీ. ఉండాలి. 28 చాలని చెప్పేవాళ్లున్నారు. వాళ్లు 70-200 లాంటి చిన్న లెన్స్ వాడేవాళ్లయి ఉంటారు. గోడ మందం అంతే ఉంచి గొట్టం వ్యాసాన్ని 25 నుంచి 32కి పెంచితే అది వంగకుండా నిలిచే బలం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే బ్రాండ్ కంటే ముందు గొట్టం కొలత అడగండి.

ఒక్కో కాలు మూడు సెక్షన్లుగా, అంటే ఒకదాంట్లోంచి ఒకటి సాగే మూడు ముక్కలుగా, ఉన్నవే తీసుకోండి. నాలుగు, ఐదు సెక్షన్లవి బ్యాగులో బాగా ఇముడుతాయి కానీ ఆఖరి ముక్క పెన్సిల్ అంత సన్నగా తయారవుతుంది, పైగా ముక్కల్ని బిగించే ప్రతి లాక్ దగ్గరా కొంచెం వదులు ఉంటుంది. పెద్ద లెన్స్ పట్టుకుని ఎటూ కారులోనో స్కూటీ మీదో వెళ్తాం కాబట్టి నాలుగంగుళాల పొడవు ఎక్కువైతే వచ్చే ఇబ్బందేమీ లేదు.

కార్బన్ ఫైబరా, అల్యూమినియమా అంటే కార్బనే. గిట్జో 1994లో మొదటి కార్బన్ ట్రైపాడ్ తెచ్చినప్పటి నుంచీ దాన్ని తేలిక కోసం కొనేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం కుదుపును త్వరగా మింగేసే గుణం కోసం కావాలి. నిజానికి ఆ పనిలో చెక్క కూడా చాలా మంచిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకల కెమెరాలు చెక్క స్టాండ్ల మీదే నిలిచేవి, ఆ ఫోటోల్లో వివరం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అయితే బడ్జెట్ తక్కువుంటే సన్నటి కార్బన్ కంటే లావుపాటి అల్యూమినియమే తీసుకోండి.

సెంటర్ కాలమ్ ఉన్నది వద్దు. మూడు కాళ్ల మీద కష్టపడి సాధించిన నిలకడని మళ్లీ ఒంటి కర్ర మీద పెట్టడం దేనికి? ఎత్తకుండా వాడతామని చెప్పినవాళ్లంతా మైదానంలో ఎత్తుతారు, చూస్తూనే ఉన్నాను.

షాపులో పరీక్ష: అసలు పని ఇదే

ఇక్కడ తొందరపడకండి. నేను మొదట కొన్న ట్రైపాడ్ డబ్బా మీద "15 కిలోలు" అని రాసుంది. నా సామాను మొత్తం నాలుగు కిలోలు, ఇంకేం టెన్షన్ లేదనుకున్నాను. ఆ చలికాలమంతా తీసిన ఫోటోల్లో ఒక్కటీ పిట్ట కంటి రెప్ప దగ్గర షార్ప్‌గా లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కిలోల అంకెకి అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలమానం లేదు. ఎవరి లెక్క వాళ్లది. విరగకుండా మోయడం వేరు, వణక్కుండా నిలవడం వేరు. మనం బియ్యం బస్తా ఎత్తడానికి కొనట్లేదు కదా. అందుకే డబ్బా మీది అంకెనీ, వీడియో రివ్యూల్లో ట్రైపాడ్ మీద మనిషి ఎక్కి నిలబడే ప్రదర్శననీ పక్కన పెట్టి మీ చేత్తో మీరే పరీక్షించండి.

కోఠిలో కొన్నా ఇంకెక్కడ కొన్నా, మామూలు రోజు పొద్దున షాపు తెరిచే వేళకి వెళ్లండి. మీ కెమెరా, లెన్స్, ప్లేట్ (లెన్స్ కింద బిగించి హెడ్‌లో ఇరికించే పట్టీ) వెంట తీసుకెళ్లండి. కింది అంతస్తులో రాతి బండల మీద పెట్టిస్తారా అని అడగండి. చెక్క అటక మీదో, కార్పెట్ మీదో చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. "అన్నా, పావుగంట పడుతుంది, నచ్చితే ఇక్కడే కొంటాను" అని ముందే చెబితే ఇప్పటిదాకా నన్నెవరూ కాదనలేదు.

మొదట హెడ్ లేకుండా చూడండి. మూడు కాళ్లూ పూర్తిగా చాపి, లాకులన్నీ గట్టిగా బిగించండి. కాళ్లు కలిసే పై భాగం మీద అరచేయి ఆనించి, పచ్చడి సీసా మూత తిప్పినట్టు ఎడమకీ కుడికీ మెలిపెట్టండి. పాదాలు నేల మీద జారనివ్వకండి. పెద్ద లెన్స్‌ని పాడుచేసేది చాలాసార్లు ఈ మెలికే. పై నుంచి నొక్కితే ఎంత నాసిరకం ట్రైపాడ్ అయినా గట్టిగానే అనిపిస్తుంది, షాపువాళ్లు నొక్కి చూపించేది అందుకే. మెలిపెట్టినప్పుడు ఏ చోట లొంగుతోందో వేలు పెట్టి చూడండి. కాలు పైన కలిసే కీలు దగ్గర టక్‌మని ఆడితే అక్కడి బోల్టుని ఆలెన్ కీతో బిగించమనండి, చాలాసార్లు సరైపోతుంది. గొట్టమే మెలి తిరుగుతోందంటే దానికి మందు లేదు, వేరేది అడగండి.

తర్వాత హెడ్ బిగించి లెన్స్ ఎక్కించండి. ముందుగా లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఆఫ్ చేయండి. ఇది మర్చిపోతే మీరు పరీక్షించేది ట్రైపాడ్‌ని కాదు, లెన్స్‌లోని మోటార్లని. పది మందిలో ఎనిమిది మంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఎదురుగా ఇరవై ముప్పై మీటర్ల దూరంలో కదలని వస్తువు మీద ఫోకస్ చేయండి: గోడ మీద పెయింట్ చేసిన అక్షరమో, కిటికీ ఊచో. ఫ్లెక్సీ బోర్డు వద్దు, అది గాలికి ఊగుతుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెరమీద, దాన్ని పది రెట్లు పెద్దది చేయండి.

ఇప్పుడు హుడ్ చివర వేలితో ఒక్కసారి మెల్లగా తట్టి, తెరమీద అక్షరం ఊగడం ఆగేదాకా లెక్కపెట్టండి. "ఒకటి" అనేలోపు నిలిచిపోవాలి. "రెండు" దాకా పోతే ఆలోచించాలి, "మూడు" అన్నాక కూడా ఊగుతుంటే కాళ్లు మడిచి తిరిగి ఇచ్చేయండి. ప్రతి ట్రైపాడ్‌నీ ఒకే చోట, ఒకే బలంతో తట్టడం ముఖ్యం. చేతి మీద నమ్మకం లేకపోతే కెమెరాలో వీడియో రికార్డ్ చేసుకుని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ పరీక్ష చేస్తే వేడి గాలి మోసం చేస్తుంది. వేడి వల్ల అయితే అక్షరం అంచులు నీళ్లలో ఉన్నట్టు ఒక్కోచోట ఒక్కోలా అలలు పోతాయి. ట్రైపాడ్ వల్ల అయితే అక్షరం మొత్తం ఒక్కసారే అటూ ఇటూ ఊగుతుంది. ఈ తేడా ఒకసారి పట్టుకుంటే మళ్లీ మర్చిపోరు.

ఇంకొక్క జాగ్రత్త, ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది. అక్షరం ఊగుతోందంటే తప్పు కాళ్లదే అని తేల్చేయకండి. లెన్స్ కింద ఉండే ఫుట్, అంటే లెన్స్ చుట్టూ ఉండే కాలర్ పట్టీ నుంచి దిగే పాదం, చాలా జూమ్ లెన్స్‌లకి పొడుగ్గా సన్నగా ఉంటుంది, వంగేది అదే. హుడ్‌కి బదులు ట్రైపాడ్ కాలిని తట్టి చూడండి. అప్పుడు ఊగుడు వెంటనే ఆగిపోయి, హుడ్ తట్టినప్పుడు మాత్రం సాగుతుంటే తప్పు ఫుట్‌ది. కాలర్ మర బిగించి మళ్లీ తట్టండి. అప్పటికీ మారకపోతే పొట్టిగా దృఢంగా ఉండే ఫుట్ మార్పించుకుంటే సరిపోతుంది. నేను ఇది తెలియక మంచి ట్రైపాడ్‌ని సగం ధరకి అమ్మేసి ఇంకోటి కొన్నాను. కొత్తదాని మీదా అదే ఊగుడు.

హెడ్

గింబల్ ఒక్కటే, అంటే లెన్స్ బరువు సమంగా తూగేలా ఊయలలా పట్టుకునే హెడ్. గుండు మీద అన్నివైపులా తిరిగే బాల్ హెడ్ మీద పెద్ద లెన్స్ పెట్టి మర కాస్త వదులు చేయగానే లెన్స్ ధబీమని ముందుకి వాలుతుంది, మధ్యలో వేళ్లుంటే నలుగుతాయి. గింబల్ మీద ప్లేట్‌ని ముందుకీ వెనక్కీ జరిపి, చెయ్యి తీసేసినా లెన్స్ ఎలా పెడితే అలా నిలిచేలా బ్యాలెన్స్ చేయండి. ప్లేట్ ఆర్కా స్విస్ తరహాది (చాలా హెడ్‌లకి సరిపోయే రకం) తీసుకుని, రెండు కొసల్లోనూ జారకుండా ఆపే చిన్న స్క్రూలున్నాయో లేదో చూడండి.

మైదానంలో బ్యాగుని ట్రైపాడ్ కింది కొక్కేనికి వేలాడదీసేవాళ్లు చాలామంది. గాల్లో వేలాడే బ్యాగు లోలకంలా ఊగి ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. బ్యాగు అడుగు నేలకి ఆనాలి. చెరువు బురదకి ఇనుప ములుకులు, ఖాజాగూడ బండల మీద రబ్బరు పాదాలు వాడండి. గోల్కొండ, చార్మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

అన్నీ నచ్చాక డబ్బు కట్టేటప్పుడు "డిస్‌ప్లే పీస్ ఎందుకు, గోడౌన్ నుంచి సీల్డ్ డబ్బా తెప్పిస్తాం" అంటారు. తెప్పించుకోండి, కానీ దాన్ని కూడా అక్కడే విప్పి, కాళ్లు పూర్తిగా చాపి, ఆ మెలిక పరీక్ష మళ్లీ చేశాకే బిల్లు తీసుకోండి. ఒకే మోడల్‌లో ఒక్కో పీస్‌కి కీళ్ల బిగువు ఒక్కోలా ఉంటుంది.