దసరా రద్దీకి ముందే డీజిల్ కార్డులు సరిచూసుకోండి

బెంగళూరులో బండ్లు తిప్పే మనవాళ్ళకి దసరా ముందు వారాలు ఎలా ఉంటాయో తెలుసు. ట్రిప్పులు పెరుగుతాయి, సరిగ్గా అప్పుడే పర్మనెంట్ డ్రైవర్లు మదనపల్లె, కదిరి, హిందూపురం వైపు సొంతూళ్ళకి సెలవు అడుగుతారు, వాళ్ళ సీట్లో నాలుగు రోజులకని యాక్టింగ్ డ్రైవర్లు ఎక్కుతారు. బండి తాళంతో పాటు, బంకులో నగదు బదులు గీకే డీజిల్ కార్డు కూడా చేతులు మారుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ స్టాఫ్ క్యాబ్‌లు, పీణ్య నుంచి వెళ్ళే సరుకు బండ్లు కలిపి 30 పైచిలుకు బండ్ల డీజిల్ లెక్క నేను చూస్తాను. నేను చూసినంతవరకు కార్డు డబ్బు ఎక్కువగా పోయేది ఇలా చేతులు మారే రోజుల్లోనే.

పోయిన దసరాకి మాకు జరిగింది చెప్తాను. ఒక చిన్న సరుకు బండి, దాని ట్యాంకు పట్టేదే 30 లీటర్లు. నెలాఖరున స్లిప్పులు ముందేసుకుని కూర్చుంటే అందులో ఒకదాని మీద 38 లీటర్లు అని ఉంది. అంచు దాకా కొట్టిస్తే ఒకటి రెండు లీటర్లు ఎక్కువ పట్టొచ్చు గానీ ఎనిమిది లీటర్లు ఎలా పడతాయి? ఆ థర్మల్ కాగితం అప్పటికే సగం వెలిసిపోయింది, దీపం కింద పెట్టి చూస్తే టైము రాత్రి ఏడున్నర అని కనపడింది. జీపీఎస్ తీసి చూస్తే ఆ టైములో బండి హొసకోటె యార్డులో నిలబడి ఉంది. అంటే బండి బంకుకి వెళ్ళనే లేదు, కార్డు మాత్రమే వెళ్ళింది. బంకు వాళ్ళని సీసీ కెమెరా అడిగితే పాత రికార్డింగ్ చెరిగిపోయిందన్నారు, యాక్టింగ్ డ్రైవర్ ఫోన్ స్విచ్చాఫ్. అదే రోజు రాత్రి, కార్డు గీకగానే ఫోన్‌కి వచ్చే మెసేజ్ ఎవరైనా చూసి ఉంటే పది నిమిషాల్లో దొరికిపోయేది. పంతొమ్మిది రోజుల తర్వాత చూశాం కాబట్టి చేతికి ఏమీ రాలేదు.

అందుకే మొదటి పని, ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కి వెళ్తోందో చూడండి. ఎప్పుడో మానేసిన సూపర్‌వైజర్ నంబరే చాలా చోట్ల అలాగే ఉండిపోతుంది. పాత నంబరు తీసేసి, డీజిల్ లెక్క నిజంగా చూసే మనిషి నంబరు పెట్టండి.

తర్వాత లిమిట్లు. ఎక్స్‌ట్రాపవర్, స్మార్ట్‌ఫ్లీట్, డ్రైవ్‌ట్రాక్ ప్లస్ లాంటి ఆయిల్ కంపెనీల ఫ్లీట్ కార్డుల్లో ఒక్కో కార్డుకి ఎంత వరకు గీకొచ్చో వాళ్ళ పోర్టల్‌లోనే పెట్టుకోవచ్చు. చాలామంది ఓనర్లు కార్డు తీసుకున్న రోజు పెట్టిన పెద్ద అంకెని మళ్ళీ ముట్టుకోరు. లెక్క వేసుకోండి: 30 లీటర్ల ట్యాంకు, లీటరు 90 చొప్పున వేసుకున్నా 2,700 రూపాయలు. ఆ బండి కార్డుకి రోజుకి 20,000 లిమిట్ ఎందుకు? ట్యాంకుకి తగ్గట్టు పెడితే కార్డు పోయినా ఆ రోజుకి ఒక ట్యాంకు డబ్బే పోతుంది. దూరం ట్రిప్పు ఉన్న రోజు ఆఫీసు నుంచే లిమిట్ పెంచి, బండి తిరిగి రాగానే తగ్గించేయండి.

పిన్ విషయంలో మనం చేసే తప్పు మరీ ఘోరం. కార్డు కవరు మీద పెన్నుతో నాలుగంకెలు రాసి ఉన్న కార్డులు నా చేతులతో నేనే చూశాను. ఇంకొన్ని చోట్ల బండ్లన్నిటికీ ఒకటే పిన్. యాక్టింగ్ డ్రైవర్‌కి కార్డు ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, అతను బండి దిగిన రోజే పిన్ మార్చండి. ఆ రెండు నిమిషాలు బద్ధకించొద్దు.

ఇక డీజిల్ పోయే దారులు. తక్కువ కొట్టి ఎక్కువ గీకి తేడా పంచుకోవడం, క్యానులో పట్టించడం, వెనకాలే ఉన్న ఇంకో బండికి కొట్టించడం, కొట్టించాక ట్యాంకు నుంచి తీసేయడం, ఎక్కువగా ఇవే. వీటన్నిటికీ పనికొచ్చేది ఒక్కటే, లీటర్లు, కిలోమీటర్ల రీడింగ్, బండి ఉన్న చోటు, ఈ మూడూ ఏ రోజుకారోజు పక్కపక్కన పెట్టి చూడడం. రీడింగ్‌ని నోటితో చెప్పించుకోవద్దు, ఫొటో అడగండి. పంపు దగ్గర ఫోన్ తీయకూడదు కాబట్టి బండి పక్కకి తీశాకే రీడింగ్, స్లిప్పు రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి పంపమనండి. అరగంట తేడాతో ఒకే కార్డు రెండుసార్లు గీకినట్టు ఉంటే, రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే ఫోన్ చేయండి.

మన ఆంధ్ర వైపు వెళ్ళే బండ్లకి ఇంకో గుర్తు. కర్ణాటకలో కంటే ఆంధ్రలో డీజిల్ ఎక్కువ రేటు కాబట్టి బాగేపల్లి దాటకముందే ట్యాంకు ఫుల్ చేసుకోవడం మనకి అలవాటు. ఇక్కడ ఫుల్ చేసిన బండికి అనంతపురం చేరకముందే పెద్ద బిల్లు పడిందంటే ఎందుకో అడగాల్సిందే.

అడగడంలో మాత్రం జాగ్రత్త, ఎందుకంటే ఇక్కడ నిజాయితీగా పనిచేసే మనిషి బాధపడతాడు. "అన్నా, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట నిలబెట్టేశారు, ఏసీ ఆపితే మేడమ్‌లు ఒప్పుకోరు" అని డ్రైవర్ అంటే అది సాకు కానక్కర్లేదు, మైలేజ్ నిజంగానే పడిపోతుంది. టైర్లలో గాలి తక్కువున్నా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా అంతే. కాబట్టి ఒక్క రోజు మైలేజ్ చూసి మనిషిని దొంగ అనొద్దు. అదే బండి, అదే రూటు, ఫుల్ నుంచి ఫుల్‌కి మూడు నాలుగు సార్లు లెక్క కట్టండి. డ్రైవర్ మారగానే మైలేజ్ మారి, పాత డ్రైవర్ రాగానే మామూలైతే అప్పుడు మాట్లాడండి. తప్పు బంకుదీ కావచ్చు. అనుమానముంటే ఐదు లీటర్ల కొలతతో కొట్టి చూపించమని అడిగే హక్కు మీకుంది, అందులో 25 మిల్లీలీటర్లకి మించి తక్కువ రాకూడదు.

బాటా, అంటే డ్రైవర్‌కి ట్రిప్పుకి ఇచ్చే ఖర్చు డబ్బు, దాని గురించి కూడా చెప్పాలి, ఓనర్లకి నచ్చకపోయినా సరే. రాత్రి ట్రిప్పు బాటా పది రోజులు ఆపితే, పార్కింగ్ డబ్బులు డ్రైవర్ జేబులోంచి పెట్టిస్తే, అతని ముందు మిగిలే దారి డీజిలే అవుతుంది. దొంగతనం దొంగతనమే, కానీ పండగ ముందు బాటా బాకీలు తీర్చేసిన సంవత్సరం మా దగ్గర డీజిల్ గొడవలు బాగా తగ్గాయి.

ఫోన్ మోసాలు వేరే. కేవైసీ గడువు అయిపోయింది, కార్డు ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి అని ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయికి ఫోన్ వస్తుంది, పని టెన్షన్‌లో చెప్పేస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఆమెకి ముందే చెప్పి ఉంచండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏ కార్డు మీద అనుమానం వచ్చినా ముందు బ్లాక్ చేయండి, తర్వాత డ్రైవర్‌ని ఒక్కడినే కూర్చోబెట్టి అడగండి, ఆ రోజే బంకుకి రాతపూర్వకంగా కెమెరా రికార్డింగ్ దాచమని చెప్పండి. ఇక ఆయుధ పూజ రోజు బండ్లన్నీ కడిగి యార్డులో వరసగా పెడతాం కదా, గుమ్మడికాయ కొట్టేలోపే కార్డులన్నీ ఒక ట్రేలో వేయించి బండి నంబర్లతో సరిచూడండి. ఏ బండి కార్డు రాలేదో దాన్ని ఆ సాయంత్రం దాకా కూడా ఉంచొద్దు, అక్కడే నిలబడి బ్లాక్ చేయించండి.