ఇంగ్లీషు మాటలను వాక్యాలతో సహా నేర్చుకునే విధానం

నిత్యవ్యవహారంలో ఇంగ్లీషు మాట్లాడాలనుకునేవారు సాధారణంగా ఒక పదాల పట్టికతో మొదలుపెడతారు. ఒకవైపు ఇంగ్లీషు మాట, ఎదురుగా తెలుగు అర్థం ఉండే ఆ పట్టిక పరీక్ష రాయడానికి పనికివస్తుంది గానీ, ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు నోటికి అందవలసింది పూర్తి వాక్యం కనుక, పట్టికంతా కంఠస్థమైనవారు కూడా రెండు మాటల దగ్గరే ఆగిపోతుంటారు. అందువల్ల ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని, పొద్దున లేచినది మొదలు రాత్రి పడుకునేవరకు మీరు తెలుగులో పదేపదే అనే వాక్యాలను, అన్నవి అన్నట్టుగా, ఒక వారం పాటు రాసుకోండి. ‘ఆలస్యమైపోయింది, నేను బయలుదేరాలి’, ‘కాస్త పక్కకు జరుగుతారా’, ‘తరవాత ఫోన్ చేస్తాను’, ‘నాకు గుర్తు లేదు’ వంటివి ఒక యాభై అరవై పోగయితే, మీకు ముందుగా కావలసిన ఇంగ్లీషు ఏదో ఆ పేజీలను చూస్తేనే తెలిసిపోతుంది. ఒకరి పుస్తకంలో ఆఫీసు మాటలు, మరొకరి పుస్తకంలో పిల్లల చదువు మాటలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఇతరుల జాబితాను అరువు తెచ్చుకోవడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఎన్ని మాటలు వస్తే సరిపోతుందన్న ప్రశ్నను భాషాబోధకులు చాలాకాలం క్రితమే వేసుకున్నారు. బ్రిటిష్ భాషావేత్త ఛార్లెస్ కే ఆగ్డెన్ 1930లో ‘బేసిక్ ఇంగ్లిష్’ పేరుతో 850 మాటలను ఏరి, వాటిలో క్రియలను 18కే పరిమితం చేశాడు. మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జాబితాలో సుమారు 2,000 మాటలు ఉన్నాయి. మామూలు రచనల్లో ఎదురయ్యే మాటల్లో దాదాపు 80 శాతం వాటి పరిధిలోకే వస్తాయని చెబుతారు. ఆగ్డెన్ క్రియల్లో ‘ఈట్’, ‘బయ్’ వంటివి సైతం లేవు కనుక 850తో సరిపెట్టుకోమని నేను సలహా ఇవ్వను. రెండు వేల మాటలను లక్ష్యంగా పెట్టుకోవడమే సబబు. ఆ సంఖ్యను చూసి బెదరవలసిన పని లేదు, ఎందుకంటే తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల ద్వారా వాటిలో కొన్ని వందలు మీకు ఇప్పటికే వచ్చు.

అయితే ఆ వచ్చిన మాటల్లోనే కొన్ని దారి తప్పిస్తాయి. ‘కరెంటు పోయింది’ అన్న అర్థంలో ఇంగ్లీషులో ‘ద పవర్ ఈజ్ అవుట్’ అనాలి. హోటల్ అంటే అక్కడ బస చేసే చోటు, భోజనం చేసేది రెస్టారెంట్. చదువు పూర్తయిందని చెప్పడానికి ‘పాస్ అవుట్’ అంటే చాలామంది మీరు స్పృహ తప్పారని అర్థం చేసుకుంటారు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అనడం క్షేమం.

ఇప్పుడు మీ నోటుపుస్తకంలోని వాక్యాల్లో ‘నాకు’తో మొదలయ్యేవాటిని వేరుచేయండి. తెలుగువారి ఇంగ్లీషు ఎక్కువగా తడబడేది ఇక్కడే కనుక ఈ వాక్యాలపై కొంత ఎక్కువ సమయం పెట్టడం మంచిది. మనకు ఆకలి, జలుబు, జ్ఞాపకం, అవసరం, తెలివిడి అన్నీ ‘నాకు’ అనే ఒకే చట్రంలో ఇముడుతాయి. ఇంగ్లీషులో మాత్రం మనిషి కర్తగా ముందుకు వచ్చి, ఒక్కో స్థితికి ఒక్కో క్రియను తీసుకుంటాడు. నాకు ఆకలిగా ఉంది అనడానికి ‘ఐ యామ్ హంగ్రీ’, నాకు జలుబు చేసింది అనడానికి ‘ఐ హావ్ ఎ కోల్డ్’, నాకు గుర్తుంది అనడానికి ‘ఐ రిమెంబర్’, నాకు ఈత వచ్చు అనడానికి ‘ఐ క్యాన్ స్విమ్’, నాకు కొంచెం సమయం కావాలి అనడానికి ‘ఐ నీడ్ సమ్ టైమ్’ అంటారు. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు అన్నప్పుడు ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ అంటే చాలు. ‘హావింగ్’ అని సాగదీయనక్కర లేదు. వీటిని వ్యాకరణ సూత్రాలుగా విడదీసి చదవడం కంటే, ఒక్కొక్క తెలుగు వాక్యానికి దాని ఇంగ్లీషు వాక్యాన్ని జంటగా కట్టి, తెలుగు వినగానే ఇంగ్లీషు నోట వచ్చేదాకా బిగ్గరగా పలకడం త్వరగా ఫలిస్తుంది.

క్రియల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెలుగులో లైటు వేస్తాం, తాళం వేస్తాం, చొక్కా వేసుకుంటాం, ప్రశ్న వేస్తాం, ఓటు వేస్తాం. ‘వేయు’ అనే మాటకు సమానమైన ఇంగ్లీషు మాట ఏదని వెతికితే ఒక్కటీ సరిగ్గా అతకదు, ఎందుకంటే అక్కడ లైటుకు ‘టర్న్ ఆన్’, తలుపుకు ‘లాక్’, చొక్కాకు ‘పుట్ ఆన్’, ప్రశ్నకు ‘ఆస్క్’ అని ప్రతి నామవాచకమూ తన క్రియను తానే ఎంచుకుంటుంది. కాబట్టి పుస్తకంలో ‘క్వశ్చన్’ అని విడిగా రాయకుండా ‘ఆస్క్ ఎ క్వశ్చన్’ అని, ‘మిస్టేక్’ అని రాయకుండా ‘మేక్ ఎ మిస్టేక్’ అని, ‘హోమ్‌వర్క్’ అని రాయకుండా ‘డూ ద హోమ్‌వర్క్’ అని తోడుతో సహా రాసుకోవాలి. చిన్న క్రియకు మరో చిన్న మాట చేరినప్పుడు అర్థం మొత్తం మారిపోయే జంటలు కూడా ఇలాంటివే: ‘లుక్ ఫర్’ అంటే వెతకడం, ‘లుక్ ఆఫ్టర్’ అంటే బాగోగులు చూసుకోవడం, ‘గివ్ అప్’ అంటే ప్రయత్నం మానుకోవడం. వీటిని ఒక్కసారిగా వంద పోగుచేసుకునే పుస్తకాల జోలికి పోకుండా, మీ వాక్యాల్లో అవసరపడిన కొద్దీ ఒక్కొక్కటిగా చేర్చుకుంటే అవి కలగాపులగం కావు.

మర్యాద సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగులో ‘మీరు’, ‘అండి’, ‘గారు’ అనేవి మర్యాద భారాన్ని మోస్తాయి కనుక ‘నీళ్లు కావాలండి’ అంటే ఎవరికీ తప్పుగా తోచదు. ఇంగ్లీషులో చిన్నవారినీ పెద్దవారినీ ‘యూ’ అనే పిలవాలి. అందువల్ల ఆ గౌరవమంతా వాక్యం మొదట్లో వచ్చే చిన్న మాటలపై పడుతుంది. ‘ఐ వాంట్ వాటర్’ అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేకపోయినా అది ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ అంటే మన ‘అండి’లోని మెత్తదనం దానికి వస్తుంది. ఎదుటివారిని ఏదైనా చేయమని అడిగేటప్పుడు ‘కుడ్ యూ’, మీకు కావలసినది చెప్పేటప్పుడు ‘ఐ వుడ్ లైక్’, దారి అడిగేముందు ‘ఎక్స్‌క్యూజ్ మీ’, ఒప్పుకోలేని మాటకు ముందు ‘ఐ యామ్ అఫ్రైడ్’ అనే నాలుగు ఎత్తుగడలు అలవాటైతే రోజువారీ సంభాషణలో సగం ఇబ్బంది తీరినట్టే. నా దృష్టిలో తొలి నెలలో వంద కొత్త నామవాచకాల కంటే ఈ నాలుగే విలువైనవి. కలిసినప్పుడు ఎంత రాత్రయినా ‘గుడ్ ఈవెనింగ్’ అనే అనాలి, ‘గుడ్ నైట్’ సెలవు తీసుకునేటప్పుడు మాత్రమే చెప్పాలి.

రాసుకున్నవి నిలవాలంటే వాటిని మళ్లీ చదవడం కంటే మళ్లీ గుర్తుచేసుకోవడం ముఖ్యం. నేర్చుకున్నది మొదటి గంటల్లో వేగంగానూ, ఆ తరవాత నెమ్మదిగానూ జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదనే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. ఆ తరవాత 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత అట్టముక్కలను వేర్వేరు అరల్లో ఉంచి, తెలిసినవాటిని అరుదుగా, తెలియనివాటిని తరచుగా చూసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మీరు కూడా అట్టముక్కకు ఒకవైపు తెలుగు వాక్యం, వెనకవైపు ఇంగ్లీషు వాక్యం రాసి, తెలుగు వైపు మాత్రమే చూస్తూ పైకి చెప్పండి. సరిగ్గా చెప్పగలిగినదాన్ని మర్నాడు, ఆపై మూడు రోజులకు, ఆపై వారానికి, ఆపై పదిహేను రోజులకు చూడండి. తడబడినదాన్ని మళ్లీ రోజూ చూసే మొదటి అరలోకి తెచ్చేయండి. రోజుకు ఐదారు కొత్త వాక్యాలకు మించి చేర్చకపోవడం మంచిది, ఎందుకంటే పాతవి తిరిగి చూసుకోవలసిన బరువు రెండు వారాల్లోనే ఎంతో పెరుగుతుంది.

ఉచ్చారణలో రెండే విషయాలు ఆరంభంలో పట్టించుకుంటే చాలు. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు అని చివర ‘ఉ’ చేర్చడం మనకు సహజం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ చివరి అచ్చును వదిలేయాలి. రెండవది ఒత్తి పలకడం. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటాగ్రఫర్’లో రెండవ అక్షరం మీద బరువు పడుతుంది, అన్ని అక్షరాలనూ సమానంగా పలికితే తెలిసిన మాట కూడా విదేశీయులకు అందదు. డిక్షనరీలో శబ్దం వినే సదుపాయం ఉంటే ప్రతి కొత్త వాక్యంలోని పెద్ద మాటను ఒక్కసారైనా విని, వెంటనే అనుకరించండి.

ఇంత చేసినా సంభాషణ మధ్యలో కావలసిన మాట గుర్తుకురాని సందర్భాలు వస్తాయి. వాటి కోసం కొన్ని వాక్యాలను ముందే సిద్ధం చేసుకోవాలి. వినబడకపోతే ‘కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?’, వేగం ఎక్కువైతే ‘కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ?’, ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలంటే ‘లెట్ మీ థింక్’ అనండి. వస్తువు పేరు తెలియనప్పుడు మౌనంగా ఉండిపోకుండా ‘ఐ డోంట్ నో ద వర్డ్, బట్ ఇట్స్ ద థింగ్ యూ యూజ్ టు ఓపెన్ ఎ బాటిల్’ అని దాని పనిని వర్ణిస్తే, ఎదుటివారు ఆ పేరును అందిస్తారు. ఆ పేరును అక్కడికక్కడే ఒకసారి పైకి అని, ఇంటికి చేరాక ఆ రోజు అట్టముక్కల్లో చేర్చండి.