వాల్పారై టీ కొండలకు కారులో ఎలా వెళ్లాలి?

ఊటీలో పార్కింగ్ కోసం గంటసేపు తిరిగి, విసిగిపోయి వెనక్కి వచ్చినవాళ్లకు నేను వాల్పారై పేరు చెబుతుంటాను. తమిళనాడులో, కోయంబత్తూరు జిల్లాలో, ఆనైమలై కొండల మీద సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉన్న చిన్న ఊరు అది. ఊరి చుట్టూ టీ తోటలు, తోటల చుట్టూ పులుల అభయారణ్యం. తీరిగ్గా రెండు రోజులు కూర్చుని రావడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కాకపోతే అక్కడికి చేరే దారి మాత్రం మన తీరిక చూడదు. ఏ టైముకు కొండ ఎక్కుతున్నారన్నదే ఈ ప్రయాణంలో అసలు సంగతి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే చేసుకోవాలి.

1. నెల చూసుకోండి, పాస్ తీసుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కుండపోత. వాల్పారై దగ్గరి చిన్నకల్లారు దక్షిణాదిలో అతి ఎక్కువ వాన పడే చోట్లలో ఒకటి. వానలో టీ తోట అందంగానే ఉంటుంది. కానీ ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి, తోటలో జలగలు ఉంటాయి. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు డిసెంబరు నుంచి మార్చి దాకా హాయి.

ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే నుంచి ఉన్నట్టే, వాల్పారైకి కూడా 2025 నవంబరు నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు. తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, వెళ్లే తేదీలు, ఎంతమంది అన్నది నింపితే చాలు. బయల్దేరే ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి తిరగనక్కర్లేదు.

2. రూమ్ బుక్ చేసే ముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి

ఇక్కడ మంచి బసలు చాలావరకు ఎస్టేట్ల లోపల ఉంటాయి. కొన్ని పాత ప్లాంటర్ల బంగళాలు. ఫొటోల్లో పచ్చిక, వరండా, పేము కుర్చీ కనిపిస్తాయి. మెయిన్ రోడ్డు నుంచి అక్కడిదాకా ఉన్న దారి మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు. మేము మొదటిసారి దిగిన చోటికి చివరి మూడు కిలోమీటర్లు రాళ్ల బాట. మా చిన్న కారు కింద ‘కర్ర్’ మన్నప్పుడల్లా మా అత్తయ్య ‘నేను దిగి నడుస్తాన్రా’ అనేది.

అందుకే ముందుగా ‘మామూలు కారు గుమ్మం దాకా వస్తుందా?’ అని అడగండి. తర్వాత వేడినీళ్లు ఏ టైములో వస్తాయో, కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో కనుక్కోండి. భోజనం సంగతి మరీ ముఖ్యం. చాలాచోట్ల ముందు రోజు చెబితేనే వండుతారు, రాత్రి తొమ్మిదికి ఆకలేసి బయటికి వెళ్దామంటే కుదరదు. కనీసం రెండు రాత్రులు తీసుకోండి. ఒక్క రాత్రికే అయితే ఇంత దూరం వెళ్లొద్దు, నా మాట వినండి.

3. మధ్యాహ్నం రెండు లోపు ఆలియారు చేరేలా బయల్దేరండి

ఘాట్ మొదలయ్యేది ఆలియారు దగ్గరే. సాయంత్రం మంచు దిగేలోపు పైకి చేరాలంటే అక్కడికి రెండింటికల్లా చేరుకోవాలి. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, సేలం, అవినాశి, పల్లడం, పొల్లాచ్చి మీదుగా దాదాపు 450 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బండి కదిలితే, టిఫిన్‌కు, టీకి ఆగుతూ పోయినా ఒంటిగంటకల్లా పొల్లాచ్చిలో భోజనానికి కూర్చోవచ్చు. తిరుపతి, చిత్తూరు వైపువాళ్లు వేలూరు మీదుగా కృష్ణగిరిలో ఇదే దారిలో కలుస్తారు. హైదరాబాద్ నుంచైతే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, ఒక రాత్రి మధ్యలో ఆగాల్సిందే. అంత డ్రైవింగ్ వద్దనుకుంటే సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరులో దిగి, అక్కడ కారు మాట్లాడుకోండి. అక్కడి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు.

పొల్లాచ్చి మనకు సినిమాల్లో ఎప్పటినుంచో పరిచయమైన ఊరే. పెట్రోల్ నింపడం, టైర్లలో గాలి చూపించడం, కొంత డబ్బు చేతిలో ఉంచుకోవడం, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం అన్నీ ఇక్కడే ముగించండి. వాంతులు చేసుకునేవాళ్లకు భోజనం సగం కడుపే పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టండి. డాక్టరు చెప్పిన మాత్ర ఉంటే ఘాట్‌కు అరగంట ముందు వేయండి. డ్రైవింగ్ చేసేవాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు, ఆ మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది.

4. నలభై మలుపులు ఎక్కడం

ఆలియారు డ్యామ్ దాటి, చెక్‌పోస్టు దాటాక ఘాట్ మొదలవుతుంది. మొత్తం 40 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదానికీ నంబరు బోర్డు ఉంటుంది. పిల్లలకు లెక్కపెట్టే పని అప్పజెప్పండి, ఫోన్ అడగరు.

మలుపుకు ముందే గేరు తగ్గించాలి, మలుపు మధ్యలో కాదు. ఎదురుగా ఏమీ కనిపించని చోట హారన్ కొట్టండి. ఎక్కే బండికే ముందు దారి అన్నది ఘాట్ రోడ్ల నియమం. అయినా పైనుంచి బస్సు వస్తుంటే హక్కుల గురించి ఆలోచించకుండా పక్కకు ఆగండి, అది తిరగడానికి రోడ్డంతా కావాలి. తొమ్మిదో మలుపు దగ్గర లోమ్స్ వ్యూ పాయింట్. అక్కడి నుంచి ఆలియారు జలాశయం మొత్తం కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల రాళ్ల మీద ఒక్కోసారి నీలగిరి తార్ అనే కొండమేకలు నిలబడి ఉంటాయి. తమిళనాడు రాష్ట్ర జంతువు అదే.

సాయంత్రమైతే పై మలుపుల్లో మంచు దిగుతుంది. అప్పుడు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టవుతుంది. లో బీమ్ వేసుకుని, రోడ్డు అంచు గీత చూస్తూ పోవాలి.

5. పైన రెండు రోజులు

వాల్పారై దగ్గరి పుదుత్తోట్టం టీ ఎస్టేట్ దగ్గర నెమ్మదిగా పోండి. రోడ్డుకు అడ్డంగా చెట్ల మధ్య వంతెనలు కట్టి ఉంటాయి, సింహపు తోక కోతుల కోసం. ప్రపంచంలో పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా అడవిలో కనిపించని జాతి. వాటికి బిస్కెట్ వేస్తే మళ్లీ బండ్ల ముందుకే వస్తాయి, కాబట్టి వేయొద్దు.

ఇక ఏనుగులు. ఈ తోటలు వాటి పాత దారుల్లోనే ఉన్నాయి. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థ వాళ్లు కొన్నిచోట్ల ఎర్ర దీపాలు పెట్టించారు. దగ్గర్లో ఏనుగు ఉందని తెలిస్తే ఊళ్లోవాళ్లు ఫోన్‌తోనే వాటిని వెలిగిస్తారు. ఆ దీపం వెలుగుతుంటే అటు పోకండి. రోడ్డు మీద ఎదురుపడితే దూరంగా ఆగండి, హారన్, ఫ్లాష్ వద్దు, వెనక్కి పోవడానికి జాగా ఉంచుకోండి. చిరుతలూ తిరుగుతాయి, చీకటి పడ్డాక తోటలో షికారు వద్దేవద్దు.

పొద్దున్నే మాత్రం నడవండి. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆకు కోసేవాళ్లు అప్పటికే పనిలో ఉంటారు. మంచి టీకి రెండాకులు, ఒక మొగ్గ కోయాలంటారు. ఇప్పుడు చాలామంది చేతిలో కత్తెర ఉంటుంది, దానికి సంచి తగిలించి ఉంటుంది, కత్తిరించిన ఆకు అందులోనే పడుతుంది. ఫొటో తీసుకునే ముందు ఒక మాట అడగండి. ఇంటికి టీపొడి కొనేటప్పుడు మన పాల టీకైతే డస్ట్ అనే సన్నపొడి అడగండి. ఆర్థొడాక్స్ అని అమ్మే విడి ఆకు టీ కొని పాలల్లో మరిగించి ‘చప్పగా ఉంది’ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

6. దిగడం

అందరూ ఎక్కడానికే భయపడతారు, బ్రేకులు కాలేది మాత్రం దిగేటప్పుడే. మొదటిసారి నేను మూడో గేరులో, బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. ఇరవయ్యో మలుపు దాటేసరికి రబ్బరు కాలిన వాసన. పెడల్ మెత్తబడింది. ఎలాగో కిందికి తెచ్చి ఒక టీ కొట్టు దగ్గర ఆపి, వచ్చీరాని తమిళంలో నాలుగు టీలు అడిగితే, కొట్టాయన తెలుగులోనే జవాబిచ్చాడు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. చక్రం వైపు చూసి, ‘నీళ్లు పోయొద్దన్నా, డిస్క్ వంకర పోతుంది. అరగంట ఊరికే పెట్టు. ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాల’ అన్నాడు.

ఆటోమేటిక్ అయితే ఎల్‌లో (తక్కువ గేరులో) గానీ మాన్యువల్ మోడ్‌లో రెండులో గానీ పెట్టండి. న్యూట్రల్‌లో జారనివ్వడం, ఇంజిన్ ఆపేయడం ఎప్పుడూ చేయకండి, ఇంజిన్ ఆగితే బ్రేకు పట్టు తగ్గిపోతుంది. ఆలియారు దగ్గర ఒక అరగంట ఆగి డ్యామ్ చూడండి. ఈలోగా బ్రేకులు చల్లబడతాయి, ఆ తర్వాత హైవే ఎక్కండి.