నెట్ స్పీడ్, డిస్క్ స్పీడ్ టెర్మినల్‌లో కొలవడం ఎలా?

ముందు ఒక లెక్క. నెట్‌వర్క్ స్పీడ్ మెగాబిట్లలో చెబుతారు, డిస్క్‌ది మెగాబైట్లలో. పోల్చాలంటే మొదటి అంకెని 8తో భాగించాలి.

నెట్‌వర్క్ పని సులువే. రెండు లినక్స్ మెషీన్లలో ఐపెర్ఫ్3 (రెండు మెషీన్ల మధ్య స్పీడ్ కొలిచే టూల్) ఇన్‌స్టాల్ చేయండి. ఒకదాంట్లో ‘ఐపెర్ఫ్3 మైనస్ ఎస్’ కొడితే అది 5201 పోర్ట్ మీద కాచుకుని కూర్చుంటుంది. రెండోదాంట్లో మైనస్ సీ పెట్టి మొదటిదాని ఐపీ ఇవ్వండి. పది సెకన్లలో అంకె వస్తుంది. రెండోదాంట్లోనే మైనస్ పెద్ద ఆర్ (-R) కలిపి ఇంకోసారి కొడితే ఎదురు దిశ కూడా తెలుస్తుంది. గిగాబిట్ కేబుల్ మీద 940 మెగాబిట్ల దాకా రావాలి. 94 దగ్గరే ఆగిందంటే లింక్ 100కి పడిపోయినట్టే. లింక్ స్పీడ్ చూపించే ఈథ్‌టూల్ కమాండ్‌తో చూసుకోండి. ఎక్కువసార్లు కేబుల్లో ఏదో తీగ తెగి ఉంటుంది, లేదా కనెక్టర్ సరిగ్గా క్రింప్ అయి ఉండదు. స్పీడ్ టెస్ట్ సైట్లతో ఇది తేలదు, అవి బయటి సర్వర్ దాకా ఉన్న దారంతా కలిపి కొలుస్తాయి.

అసలు తప్పులన్నీ డిస్క్ దగ్గరే జరుగుతాయి. డీడీ (డేటాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి రాసే కమాండ్)తో 1 జీబీ సున్నాలు రాసి, పాత హార్డ్ డిస్క్ సెకనుకి 2 జీబీ ఇస్తోందని మురిసిపోతారు. అది డిస్క్ స్పీడ్ కాదు, ర్యామ్ స్పీడ్. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) డేటాని ముందు పేజ్ క్యాష్‌లో, అంటే ర్యామ్‌లోని తాత్కాలిక చోటులో, పెట్టుకుని ‘రాసేశా’ అంటుంది, డిస్క్ మీదికి తర్వాత తీరిగ్గా పంపుతుంది. అందుకే ‘కన్వ్=ఎఫ్‌డేటాసింక్’ లేకుండా డీడీ కొట్టకండి. అది ఉంటే డేటా డిస్క్‌కి చేరాకే గడియారం ఆగుతుంది.

అదొక్కటీ పెడితే సరిపోదు. ఫైల్ సైజు ర్యామ్‌కి రెట్టింపు పెట్టండి. చవక ఎస్‌ఎస్‌డీలు మొదట తమ క్యాష్‌లోకి జోరుగా రాసుకుని, అది నిండగానే చతికిలబడతాయి. చిన్న ఫైల్‌కి ఆ సంగతి బయటపడదు. టెంప్ ఫోల్డర్లో రాయకండి, చాలా డిస్ట్రోల్లో అది ర్యామ్‌లోనే ఉంటుంది. ఏ ఫోల్డర్ ఏ డిస్క్ మీద ఉందో ‘డీఎఫ్ మైనస్ హెచ్’తో చూసుకుని రాయండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లలో కంప్రెషన్ ఆన్ అయి ఉంటే సున్నాలు నొక్కుకుపోయి దొంగ అంకె వస్తుంది, అక్కడ ఫియో (fio, డిస్క్ స్పీడ్ కొలిచే టూల్) వాడండి. అన్నిటికంటే ముఖ్యం, డీడీకి ఎక్కడ రాయాలో చెప్పే ‘ఓఎఫ్=’ తర్వాత ఎప్పుడూ ఫైల్ పేరే ఉండాలి. డిస్క్ పేరు పడిందా, పార్టిషన్ టేబుల్‌తో సహా అన్నీ పోతాయి, డీడీ ఒక్కసారి కూడా అడగదు.

అదే ఫైల్‌ని తిరిగి చదివేటప్పుడూ క్యాష్ అడ్డొస్తుంది. ముందు సింక్ కొట్టి, తర్వాత క్యాష్‌ని ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ ఫైల్లో (/proc/sys/vm/drop_caches) 3 రాయాలి. ‘సుడో ఎకో’ అని కొట్టి బాణం గుర్తు (>) పెడితే పర్మిషన్ డినైడ్ అంటుంది, ఎందుకంటే ఆ ఫైల్‌ని తెరిచేది మీ షెల్, సుడో కాదు. ఎకోని పైప్‌తో ‘సుడో టీ’కి పంపండి.

సెకనుకి సాటా ఎస్‌ఎస్‌డీకి 500 పైన, 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్‌కి 150 నుంచి 200 మెగాబైట్లు వస్తే బాగున్నట్టే. ప్రతిదీ మూడుసార్లు కొట్టి మధ్య అంకె తీసుకోండి, చివర్లో ఆ టెస్ట్ ఫైల్ తుడిచేయండి.