వారం మధ్యలో టాకోలు – మూడో పాఠం: తడి ఎక్కడ దాక్కుంటుంది?

మొదటి పాఠంలో రొయ్యల పొట్టు తీసి, వీపు మీది నల్ల నరం లాగడం నేర్చుకున్నాం. టాకో అంటే మక్క రొట్టెలో కూర పెట్టి, మడిచి, చేత్తో తినే మెక్సికో తిండి. రెండో పాఠంలో మక్క పిండితో అసలు టాకో రొట్టె ఎట్లా ఉంటుందో చూశాం. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాత రుబ్బుతారు. అందుకే ఆ పిండి ముద్ద విరగకుండా అతుక్కుంటుంది. మన మక్క రొట్టె మడిస్తే పగలడానికి కారణం ఆ సున్నం లేకపోవడమే. ఈ పాఠంలో మాత్రం రొట్టె పక్కన పెడుతున్నాం. దాని బదులు క్యాబేజీ ఆకు, ఆకులో కారంగా వేయించిన రొయ్యలు, పైన కాల్చిన టమాట తొక్కు. రొయ్యలు ముందే శుభ్రం చేసి ఉంటే 25 నిమిషాల పని.

రొట్టె ఎందుకు వద్దో లెక్కతో చెప్తాను. 15 సెంటీమీటర్ల మక్క రొట్టె ఒక్కదానిలో పది పన్నెండు గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. మనిషి మూడు టాకోలు తింటే రొట్టెల్లోనే 30 దాటుతుంది. కప్పు అన్నంలో అయితే దాదాపు 45. క్యాబేజీ ఆకు పెద్దదైనా 2 గ్రాముల దగ్గర ఆగుతుంది. రొయ్యల్లో పిండి పదార్థం దాదాపు లేనట్టే, 100 గ్రాములకు 20 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. మా అత్తమ్మకు షుగర్. రాత్రి అన్నం తగ్గించమని డాక్టర్ చెప్పాకే నేను ఈ వంట మొదలుపెట్టాను. "అన్నం లేకుంట కడుపు నిండుతదా బిడ్డా?" అని ఆమె దిగులు పడింది. ఇప్పుడు ఆకులు కాల్చే పని ఆమెదే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు రాత్రి అన్నం ఒక్కసారిగా మానెయ్యొద్దు. తినే తిండిని బట్టి మందు మోతాదు రాసి ఉంటారు, తిండి మారిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక అసలు సంగతి. ఆకు టాకోను చెడగొట్టేది ఎక్కువగా నీళ్లే. రొట్టె కాస్త రసం పీల్చుకుంటుంది. ఆకు చుక్క కూడా పీల్చదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఆకులను మరిగే నీళ్లలో వేసి తీశాను, రొయ్యల్ని కడిగి అట్లనే పెనం మీద వేశాను, టమాటాలు పచ్చివే తరిగి పైన పోశాను. రొయ్యలు వేగలేదు, వాటి నీళ్లలో అవే ఉడికి రబ్బరులా అయ్యాయి. ఆకు మడవగానే రసమంతా మోచేతుల దాకా కారింది. పిల్లలు పళ్లెంలో విప్పుకొని చెంచాతో తిన్నారు. 400 గ్రాముల మంచి రొయ్యలు అట్లా పోయినందుకు చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ప్రతి వస్తువు ముందూ నిలబడి ఒకటే అడుగుతాను: దీనిలో తడి ఎక్కడుంది, దాన్ని ఎట్లా తీయాలి?

ముందు ఆకు సంగతి. గట్టి గడ్డ కాకుండా, ఆకులు కాస్త వదులుగా ఉన్న క్యాబేజీ తెచ్చుకోండి. కాడ దగ్గర చుట్టూ కత్తితో గాటు పెడితే ఆకు చిరగకుండా ఊడి వస్తుంది. నీళ్లలో ఉడికించొద్దు. కడిగి, బట్టతో తుడిచి, వేడి పెనం మీద నూనె లేకుండా ఒక్కో వైపు అర నిమిషం వేయండి. అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు పడి, మెత్తబడి, మడిస్తే వంగాలి. మధ్యలో లావుగా ఉన్న ఈనెను కత్తి పడుకోబెట్టి పైపైన చెక్కండి. అది చెక్కకపోతే మడత దగ్గర టక్కున విరుగుతుంది. కాల్చిన ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, ఆవిరి పట్టి మళ్లీ తడి అవుతాయి. బట్ట మీద విడివిడిగా పరచండి.

అదే పెనం మీద రెండు టమాటాలు సగానికి కోసి, రెండు పచ్చిమిరపకాయలు, పొట్టు తీయని ఎల్లిపాయ రెబ్బలు మూడు పెట్టండి. టమాటాల కోసిన వైపు కిందికి ఉండాలి. నల్ల మచ్చలు పడేదాకా కదపొద్దు. టమాటాలోని నీళ్లు పెనం మీదే ఎగిరిపోతాయి, రుచి చిక్కబడుతుంది. తర్వాత ఎల్లిపాయ పొట్టు వలిచి, అన్నిటినీ ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ వేస్తే నీళ్లలా అవుతుంది, నాకు నచ్చదు. మెక్సికో ఇళ్లలో కొమాల్ అనే పెనం మీద ఇట్లాగే కాల్చి, మోల్కాహెతే అనే రాతి రోట్లో ఇట్లాగే దంచుతారు. మన రోటి తొక్కు చేయి తిరిగినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. టమాటా, మిరపా మనకు వచ్చింది అమెరికా ఖండం నుంచే కదా.

రొయ్యల దగ్గర నిదానంగా ఆగుదాం. వరంగల్‌కు సముద్రం దూరం. సముద్రపు రొయ్యలైనా, కోస్తా చెరువుల్లో పెంచినవైనా మనకు ఐసులోనే వస్తాయి. ఐసు కరిగిన నీళ్లు రొయ్యను పట్టుకునే ఉంటాయి. ముగ్గురికి శుభ్రం చేసిన రొయ్యలు 400 గ్రాములు కావాలి. తలలతో కొంటే దాదాపు సగం పోతుంది కాబట్టి 800 గ్రాములు తూయించుకోండి. ఫ్రీజర్‌లోవి అయితే పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మర్చిపోతే కవర్‌తో సహా చల్లటి నీళ్లలో అరగంట ముంచండి, వేడి నీళ్లు వద్దు. తర్వాత పొడి బట్టలో పరిచి, పైన ఇంకో బట్ట వేసి అద్దండి. బట్ట తడిసిపోతే మార్చి మళ్లీ అద్దండి. ముట్టుకుంటే వేలికి జారకుండా కాస్త జిగటగా తగలాలి. అప్పుడే అది పెనానికి సిద్ధం.

కారం విషయంలో మన జిల్లా వాళ్లం అదృష్టవంతులం. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాట మిర్చి టమాటాలా గుండ్రంగా ఉంటుంది. ఎర్రటి ఎరుపు, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మెక్సికోలో రంగుకూ రుచికీ ఒక రకం, మంటకు ఇంకో రకం మిర్చి కలుపుతారు. మనమూ అదే చేద్దాం: చపాట కారం ఒకటిన్నర టీస్పూన్లు, తేజ కారం అర టీస్పూను. వేయించిన జీలకర్ర పొడి అర టీస్పూను, చిటికెడు పసుపు, రెండు టీస్పూన్ల పల్లి నూనె. ఈ ముద్దను రొయ్యలకు పట్టించండి. అల్లంఎల్లిగడ్డ పేస్టు వద్దు. దానిలోనూ నీళ్లుంటాయి, పైగా పెద్ద మంట మీద పెనానికి అంటుకొని మాడుతుంది. ఉప్పు కూడా ఇప్పుడు వేయొద్దు, రొయ్యలోని నీటిని బయటికి లాగుతుంది. పెనం మీద వేసే క్షణంలో పైన చల్లండి. నిమ్మరసం అన్నిటికంటే చివర. ముందే పిండితే పులుపుకు రొయ్య మాంసం గట్టిపడుతుంది.

పెనం తుడిచి, బాగా కాలనివ్వండి. నీటి చుక్క వేస్తే గిర్రున తిరిగి ఎగిరిపోవాలి. రొయ్యల్ని రెండు విడతలుగా వేయండి. ఆకలి మీద ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి వేయాలనిపిస్తుంది, కానీ అట్లా వేస్తే పెనం చల్లబడి నీళ్లు ఊరతాయి. మధ్యరకం రొయ్య అయితే ఒక వైపు నిమిషంన్నర, తిప్పి ఇంకో నిమిషం చాలు. దంచిన ఎల్లిపాయ రెబ్బలు నాలుగు ఆఖరి పది సెకన్లలో వేసి, దించి, నిమ్మకాయ పిండండి. రొయ్య నెలవంకలా వంగితే ఉడికినట్టు. ఉంగరంలా చుట్టుకుంటే సమయం మించిపోయినట్టు. గడియారం కంటే ఈ గుర్తునే నమ్మండి.

పైన వేసుకోవడానికి సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, గట్టి పెరుగు. పెరుగును పొద్దునే బట్టలో కట్టి ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీస్తే రాత్రికి వెన్నలా ఉంటుంది.

నింపే వరుస ముఖ్యం. ఆకు మీద మొదట పెరుగు పూయండి, అది కాస్త అడ్డు గోడలా ఉంటుంది. తర్వాత రొయ్యలు, ఉల్లిగడ్డ, కొత్తిమీర. తొక్కు అన్నిటికంటే పైన, ఒక్క చెంచా. అన్నీ ముందే నింపి పెట్టొద్దు. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరి టాకో వాళ్లే చుట్టుకోవాలి, చుట్టిన వెంటనే తినాలి.

ఈ వారం అభ్యాసం: మొదటి రోజు రొయ్యలు లేకుండా ఆకులు మాత్రమే ఆరు కాల్చండి. ఆరింటిలో నాలుగు విరగకుండా మడతపడితే తర్వాతి రోజు రొయ్యలకు వెళ్లండి. పడకపోతే ఈనె ఇంకా లావుగా ఉందన్నమాట, మరికొంచెం చెక్కండి. ఆ రోజు కాల్చిన ఆకుల్లో కోడిగుడ్డు పొరటు పెట్టుకొని తినేయండి.

నాలుగో పాఠంలో కొర్రమీను. రవ్వ, బొచ్చె చేపల్లో కండ మధ్య సన్న ముళ్లు ఎక్కువ, మడిచి కొరికే తిండికి అవి పనికిరావు. చేపల దుకాణంలో ముల్లు తీసి, వేలంత ముక్కలు కొట్టించి తెచ్చుకోండి. అర కిలో చాలు.